మాఫీకి ముందు లెక్క

మన రోడ్ల మీద ఏ పుస్తకంలోనూ లేని చట్టమొకటి అమలవుతూ ఉంటుంది. లారీ, కారు ఢీకొంటే తప్పు లారీది. కారు, మోటారు సైకిలు ఢీకొంటే తప్పు కారుది. మోటారు సైకిలుకూ నడిచే మనిషికీ మధ్య ఏం జరిగినా తప్పు మోటారు సైకిలుది. గుమిగూడిన జనం ఈ తీర్పును క్షణాల్లో వెలువరిస్తారు. ఒక్కొక్కసారి శిక్షను కూడా అక్కడే అమలు చేస్తారు.

ఈ తీర్పు వెనుక న్యాయభావన బొత్తిగా లేదనలేము. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. కాలిబాటలు లేని, ఉన్నచోట దుకాణాలు ఆక్రమించుకున్న మన ఊళ్లలో నడిచేవాడే అందరికంటే నిస్సహాయుడు. అతని పక్షాన నిలబడటం మానవత్వమే. కాని నిస్సహాయుడైనంత మాత్రాన అతడు తప్పు చేయడని చెప్పలేము కదా! అతని తప్పు వల్ల మరొక ఇంట్లో సంపాదన ఆగిపోతే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? 2023 జనవరి వరకు నాకు ఈ ప్రశ్నతో పని పడలేదు.

మావారు ఒంగోలులోని ఒక బేకరీ నుంచి రస్కులు, బిస్కెట్లు, బన్నులు తీసుకుని చుట్టుపక్కల పల్లెల్లోని కిరాణా కొట్లకూ టీ దుకాణాలకూ మోటారు సైకిలు మీద సరఫరా చేస్తారు. ఆ రోజు మగ్రిబ్ వేళకు ఇంటికి చేరుకోవాలని జాతీయ రహదారి 16 మీద తిరిగి వస్తున్నారు. డివైడరు మధ్యలో మొక్కలు తొక్కేసి, ఇనుప కమ్మీ వంచి ఎవరో చేసుకున్న సందు ఒకటి ఉంది. అందులోంచి ఒక మనిషి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ఉదుటున రోడ్డు మీదకు వచ్చాడు. మావారు బ్రేకు వేసి బండిని పక్కకు తిప్పారు. హ్యాండిలు కొస తగిలి ఆ మనిషి మోచేతి మీద చర్మం లేచింది. మావారు బండితో సహా చాలా దూరం ఈడ్చుకుపోయారు. కుడి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. హెల్మెట్ ఉన్నందువల్ల తల దక్కింది, అల్ హమ్దులిల్లాహ్.

జనం మొదట పరుగెత్తింది ఆ మనిషి వైపే. అతన్ని కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. ఒకరు వచ్చి మావారి బండి తాళం చెవి లాక్కున్నారు. ఎదురుగా ఉన్న పెట్రోలు బంకులో పనిచేసే అబ్బాయి మాత్రం 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా మావారి దగ్గరే నిలబడ్డాడు. ఆ అబ్బాయి కోసం మా ఇంట్లో ఇప్పటికీ దుఆ చేస్తాము.

శస్త్రచికిత్స జరిగి, కాలిలో రాడ్డు వేసి, ఆయన ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చిన బంధుమిత్రుల్లో నూటికి తొంభై మంది చెప్పినది ఒకటే మాట: "తఖ్దీర్‌లో రాసి ఉంది, ఇక వదిలేయండి. ఆ మనిషిని మాఫ్ చేసేయండి, పుణ్యం వస్తుంది." వారి సానుభూతిని నేను శంకించడం లేదు. కాని ఆ మాట వింటున్నకొద్దీ నాలో ఏదో పొసగని భావన పెరిగింది. విధి మీద విశ్వాసం ఉండటం వేరు, బాధ్యతను విధి మీదకు నెట్టివేయడం వేరు. మన ఇంట్లో దొంగతనం జరిగినా అది తఖ్దీరే. అలాగని దొంగను ఎవరూ విడిచిపెట్టరు. మరొక సంగతి. మాఫ్ చేయమని చెబుతున్నవారికి మాఫ్ చేయవలసినది ఎంతో తెలియదు. అప్పటికి మాకూ తెలియదు. ఎంత రావాలో లెక్క తెలిసి, రాబట్టుకునే దారి తెలిసి, ఆ పిమ్మట వదిలిపెడితే అది క్షమ. లెక్క కట్టకుండా, దారి వెతకకుండా, అడగడానికి మొహమాటపడి ఊరుకుంటే దానికి క్షమ అనే పేరు పెట్టుకోవడం న్యాయమేనా? పైగా ఆ హక్కు దెబ్బ తగిలిన మనిషిది. చూడవచ్చినవారిది కాదు, భార్యనైన నాది కూడా కాదు.

అందుకని నేను ముందుగా ఒక నోటు పుస్తకం తీసుకుని లెక్క రాయడం మొదలుపెట్టాను. ఆసుపత్రికి 1,42,000 రూపాయలు. మందులు, ఫిజియోథెరపీ కలిపి 21,500. బండి మరమ్మతుకు 17,800. ఆ రోజు నేలపాలైన సరుకు, చెడిపోయిన డబ్బాలు 6,200. అయిదు నెలలు ఆయన పనికి వెళ్లలేదు. నెలకు 15,000 చొప్పున అది 75,000. మొత్తం 2,62,500 రూపాయలు. నొప్పికీ, రాత్రుళ్లు నిద్ర లేకపోవడానికీ, పిల్లవాడి ట్యూషను మానిపించడానికీ వెల కట్టలేదు. మసీదు కమిటీ వారు ఖర్జె హసనా కింద యాభై వేలు ఇచ్చారు. మా భాయీజాన్ మరికొంత సర్దారు. మిగిలినది నా గాజుల మీద నడిచింది.

తర్వాత బీమా కాగితాలు తీశాము. ఇక్కడ చాలా కుటుంబాలకు తెలియని విషయం ఉంది. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టం కోసమే. బండి యజమాని తన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆ పాలసీ నుంచి పైసా రాదు. యజమానే నడుపుతున్నప్పుడు వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా మరొకటి ఉంది. 2018 నుంచి దాని మొత్తం 15 లక్షలు. విన్నప్పుడు మాకు కొండంత ధైర్యం వచ్చింది. కాని అది మరణానికీ, శాశ్వత అంగవైకల్యానికీ మాత్రమే. ఒక చేయి గాని, ఒక కాలు గాని, ఒక కన్ను గాని పోతే అందులో సగం ఇస్తారు. విరిగి అతుక్కున్న ఎముకకు అందులో చోటు లేదు. మావారి కాలు అతుక్కుంటుందని డాక్టరు చెప్పిన రోజున సంతోషించినదీ, బీమా ఏజెంటు చెప్పిన మాట విని నిట్టూర్చినదీ ఒకే ఇంట్లో, ఒకే పూట.

బండికి జరిగిన నష్టాన్ని భరించే పాలసీ ఉంటే తప్పు ఎవరిదైనా మరమ్మతు ఖర్చు బీమా సంస్థ ఇస్తుంది. ఆ తర్వాత కారకుడైనవాని నుంచి రాబట్టుకునే పని దానిది. మా మామగారు బీమాలో వడ్డీ, అనిశ్చితి ఉన్నాయని భావించేవారు గనుక మా ఇంట్లో చట్టం కోరినంత మేరకే బీమా ఉంటుంది. ఈ విషయంలో ఉలమాల మధ్యనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి కాబట్టి నేను తీర్పు చెప్పబోవడం లేదు. పొరపాటున జరిగిన హత్యకు చెల్లించవలసిన రక్తపరిహారాన్ని హంతకుని బంధువర్గం, అంటే 'ఆఖిలా', పంచుకుని భరించే ఏర్పాటు దైవప్రవక్త (స) కాలంలోనే ఉండేదని మాత్రం గుర్తుచేస్తాను. నష్టం ఒక్క ఇంటి మీద పడి నలిపివేయకూడదన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఆఖిలా స్థానంలో ఈనాడు మన దగ్గర ఏముందో పెద్దలు ఆలోచించాలి.

మాకు అక్కరకు రాకపోయినా పాఠకులకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని ప్రకటించింది. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. విషయం పోలీసులకు చేరి ఉండాలి. మా ఇంటికి ఈ ఆపద రెండున్నరేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆసుపత్రి ఖర్చు దాదాపు మొత్తం ఇలాగే తీరేది.

ఇక ఆ మనిషి సంగతి. అతడు ఒక ప్రైవేటు సంస్థలో గుమాస్తా. నిరుపేద కాడు, ధనవంతుడూ కాడు, మాలాంటివాడే. మా భాయీజాన్ అతని ఇంటికి వెళ్లి మర్యాదగానే మాట్లాడితే అతని బావమరిది తలుపు దగ్గరే నిలబడి, "బండి నడిపేవాడే చూసుకోవాలండీ. మావాడి చేతికి దెబ్బ తగిలింది, మేమే కేసు పెట్టాలి, ఊరుకున్నాం," అన్నాడట. భాయీజాన్ మొహం చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చారు. కాని ఖాళీ చేతులతో రాలేదు. వస్తూ దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, అక్కడి సీసీ కెమెరాలో రోడ్డు కనిపిస్తుందా అని అడిగారు. కనిపిస్తుంది. అయితే పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయి కొద్ది రోజుల్లో అవి చెరిగిపోతాయి. ఆ సాయంత్రమే పోలీసు స్టేషనులో అర్జీ ఇచ్చి, వారి ద్వారా ఆ దృశ్యాన్ని భద్రపరిపించారు. ప్రమాదం జరిగి అప్పటికి నాలుగు రోజులు. మా వ్యవహారం మొత్తం ఆ నాలుగో రోజు మీద ఆధారపడి నిలిచింది.

వకీలు గారు చెప్పినది విన్నాక చట్టం ఎంత విచిత్రంగా ఉంటుందో అర్థమైంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు అనగానే రోడ్డు మీద దెబ్బ తగిలిన ప్రతివారికీ అదే తలుపు అనుకుంటాము. కాని అక్కడ పరిహారం కోరేది ఎదుటి వాహనపు యజమాని నుంచి, డ్రైవరు నుంచి, వారి బీమా సంస్థ నుంచి. నడిచే మనిషికి వాహనం లేదు, బీమా లేదు. కాబట్టి అతని మీద ఆ తలుపు తెరుచుకోదు. మిగిలినది సివిలు కోర్టు. అజాగ్రత్త వల్ల నష్టం కలిగించాడని మూడేళ్లలోగా దావా వేయాలి. దావా విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఏళ్లు పడుతుంది. గెలిచినా అతని దగ్గర ఆస్తి లేకపోతే ఆ తీర్పు ప్రతిని బీరువాలో దాచుకోవడమే.

"ఇంకొకటి కూడా ఉందమ్మా," అన్నారాయన. "మీవారి వైపు ఎంత తప్పుందని వాళ్లూ అడుగుతారు. వేగం ఎంత, లైటు వెలుగుతోందా, లైసెన్సు ఉందా, హెల్మెట్ ఉందా, వెనుక కట్టిన పెట్టె బండికి మించి ఉందా. ఇద్దరి తప్పునూ పాళ్లు వేసి పంచుతారు." లైసెన్సు ఉంది. హెల్మెట్ ఉంది. బండి 2018 నాటిది గనుక ఇంజను నడిచినంతసేపూ ముందు దీపం దానంతట అదే వెలుగుతుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఆ ఏర్పాటు తప్పనిసరి. వేగమూ పరిమితిలోనే ఉంది. పెట్టె విషయంలో మాత్రం వాదనకు అవకాశం ఉంది.

ఈ దశలో మావారే వెనుకాడారు. "అతని చేతికి నా బండి తగిలింది. నేను అతని దగ్గర డబ్బు అడగడం షరీఅత్ దృష్టిలో సరైనదేనా?" అన్నారు. వారి సందేహం తీర్చినది మా మసీదు ఇమాం సాహెబ్. నష్టాన్ని స్వయంగా కలిగించినవానినీ, నష్టానికి కారణమైనవానినీ ఫిఖ్హ్ వేరు వేరుగా చూస్తుందని వారు వివరించారు. మొదటివాడు ముబాషిర్, రెండవవాడు ముతసబ్బిబ్. కారణమైనవాడు హద్దు మీరితే బాధ్యుడవుతాడు. పూర్వ ఫఖీహులు దీనికి ఇచ్చే ఉదాహరణ, నలుగురు నడిచే దారిలో అనుమతి లేకుండా గుంత తవ్వినవానిది. అందులో పడినవాడిని అతడు తోయలేదు, ముట్టుకోలేదు. అయినా బాధ్యత అతనిదే. ఉస్మానీ పాలకుల కాలంలో 1869-1876 మధ్య క్రోడీకరించిన 'మజల్లా'లోనూ ఈ సూత్రాలున్నాయి. వాహన ప్రమాదాల విషయంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో చేసిన తీర్మానాన్ని కూడా ఇమాం సాహెబ్ చెప్పారు. సాధారణంగా వాహనం నడిపేవాడే బాధ్యుడు. అయితే మరొకరి తప్పు వల్ల ప్రమాదం జరిగితే బాధ్యత ఆ మరొకరిది. తప్పు ఇద్దరిదీ అయితే ఎవరి వంతు వారిది. వకీలు గారు చెప్పినదీ, ఇమాం సాహెబ్ చెప్పినదీ చివరికి ఒకే చోటికి వచ్చి చేరడం చూసి మావారి మనసు కుదుటపడింది. "అయితే అడుగుదాం. పెట్టె సంగతి కూడా మనమే ముందు చెబుదాం," అన్నారు.

సివిలు దావా వేయకుండానే మరొక దారి ఉందని వకీలు గారే చూపించారు. జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. వ్యాజ్యం వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకుంటే ఎదుటివారికి నోటీసు పంపి, లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెడతారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు. మహిళలకైతే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని కూడా నియమిస్తారు. మన సోదరీమణుల్లో ఎందరికి ఈ విషయం తెలుసు?

అర్జీతో పాటు మేము జతచేసినవి: ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదైన కాగితం, పోలీసు స్టేషను డైరీలో నమోదు, గాయాల ధ్రువపత్రం, ప్రతి బిల్లు, బండి మెకానిక్ రసీదు, కెమెరా దృశ్యం. ఆదాయానికి రుజువుగా మావారి రోజువారీ చిట్టా, బేకరీ యజమాని ఇచ్చిన ఉత్తరం. ఆదాయపు పన్ను కాగితాలు లేనివారి సంపాదనను ఎవరూ నమ్మరని అంటారు. ప్రతి రాత్రీ ఇషా తర్వాత కూర్చుని ఆయన రాసుకున్న ఆ చిట్టాను మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

మొదటి నోటీసుకు ఆ మనిషి రాలేదు. రెండవసారి బావమరిదితో వచ్చాడు. బెంచి మీద ఉన్న న్యాయమూర్తి గారు ఎక్కువ మాట్లాడలేదు. కంప్యూటరులో ఆ దృశ్యాన్ని పెట్టించి అందరినీ చూడమన్నారు. డివైడరు సందు, చెవి దగ్గర ఫోను, ఆ మనిషి కనీసం ఒక్కసారైనా ఎడమవైపు తిరిగి చూడకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. దృశ్యం ముగిశాక బావమరిది ఏదో అనబోతే ఆ మనిషే అతన్ని ఆపాడు. మావారు కర్ర సాయంతో లేచి, వెనుక పెట్టె పెద్దదేనని, అది లేకపోతే బండి ఇంకొంచెం అదుపులో ఉండేదేమోనని చెప్పారు. ఆ తర్వాత బేరసారాల స్వరమే మారిపోయింది. 2,62,500లో సగానికి కొంచెం తక్కువగా 1,20,000 రూపాయలకు రాజీ కుదిరింది. అక్కడికక్కడ 30,000. మిగిలిన 90,000 నెలకు 5,000 చొప్పున పద్దెనిమిది వాయిదాలు, 2024 జనవరి నుంచి.

ఆ సందు చేసినవారెవరో మాత్రం తేలలేదు. రోడ్డుకు ఆ పక్క బస్సు దిగేవారు ఈ పక్కకు రావాలంటే ఎంతో దూరం నడిచి వెళ్లి తిరిగి రావాలి. అక్కడ పాదచారుల వంతెన లేదు. పొద్దంతా పనిచేసి అలసిన మనిషికి ఆ సందు ఎంత ఆశ చూపుతుందో నేను ఊహించగలను. నష్టపరిహారంలో రోడ్డు వేసినవారి వంతు కూడా ఉండాలని నా అభిప్రాయం. దాన్ని రాబట్టే ఓపిక మాకు లేకపోయింది.

వాయిదాలు ప్రతి నెలా పదవ తేదీకల్లా మావారి ఖాతాలో పడుతున్నాయి. మధ్యలో రెండు తప్పాయి. అతని భార్యకు ఆపరేషను జరిగిందని తెలిసింది. డిక్రీ చేతిలో ఉంది గనుక అమలుకు వెళ్లవచ్చని వకీలు గారు అన్నారు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమన్న దైవాదేశాన్ని మావారు మా అందరికీ గుర్తుచేసి, తానే ఆ మనిషికి ఫోను చేసి, కుదిరినప్పుడే పంపమన్నారు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. నాలుగు నెలల తర్వాత ఆ రెండూ కలిపి వచ్చాయి. మసీదు కమిటీ అప్పు తీరింది. భాయీజాన్ తన డబ్బు సంగతి ఎత్తనివ్వరు. గాజులు ఇంకా రాలేదు.

మావారు ఇప్పటికీ కుర్చీ మీద కూర్చునే నమాజు చేస్తారు. పెట్టె మాత్రం చిన్నది చేయించారు. పాత పెట్టెలో పిల్లవాడి పుస్తకాలు ఉన్నాయి.

ఈ నెల పదవ తేదీన పదిహేడవ వాయిదా వచ్చింది. ఇంకొక్కటి మిగిలి ఉంది. దాన్ని తీసుకుంటారో, వద్దంటారో మావారి ఇష్టం. నేను అడగలేదు.